ఒరిజినల్ గారి ఇంటి కుక్కరు

ఆయనకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో మాత్రం దాన్ని వాడినవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన ఒరిజినల్ గారు. వెటకారంగా పుట్టిన పేరే అది. కానీ వెటకారం తెలియాలంటే వినేవాడికి కాస్త అనుమానం ఉండాలి. ఆయనకు సరుకు మీద తప్ప దేని మీదా అనుమానం లేదు. అందుకని ఎవరైనా "ఒరిజినల్ గారూ" అంటే బిరుదుతో పిలిచినట్టు మెడ నిటారుగా పెట్టి తిరిగి చూసేవాడు.

ఆయన అమ్మేది ప్రెషర్ కుక్కర్లు, వాటి తాలూకు మూత రబ్బర్లు, విజిళ్లు, వాల్వులు, పిడులు. అన్నీ ఒకే కంపెనీవి. కొట్టు ఎంతంటే, ఇద్దరు లోపలికి వస్తే మూడోవాళ్లు వీధిలో నిలబడాల్సిందే. గోడల పొడవునా పైకప్పు దాకా సీలు వేసిన అట్టపెట్టెలు. గుమ్మం మీద మాత్రం కొట్టుకంటే వెడల్పైన నీలం రంగు రేకు బోర్డు. కంపెనీ పేరు, దాని కింద 'అధీకృత విక్రేత' అనే మాట. ఆ మాటకు అర్థం వీధిలో సగం మందికి తెలియదు. తెలియకపోవడం వల్లే దానికంత గౌరవం.

పొద్దున తలుపు తీయగానే ఆయన స్టూలెక్కి ముందు బోర్డు తుడిచేవాడు. తర్వాతే కొట్టు ఊడ్చేవాడు. వానొస్తే పరుగున వెళ్లి బోర్డుకి ప్లాస్టిక్ పట్టా కప్పేవాడు. కప్పే మనిషి తడిసి ముద్దయ్యేవాడు, బోర్డు మీద మాత్రం చుక్క పడేది కాదు.

ఇక అమ్మకం సంగతి. కొట్టుకి వచ్చినవాళ్లు కొనాలంటే ముందు ఆయన దగ్గర పరీక్ష పాసవ్వాలి.

"అన్నయ్యగారూ, మూత రబ్బరు ఒకటివ్వండి" అనేది వచ్చినావిడ.

"కుక్కరు ఏ కంపెనీదమ్మా?"

"ఏదో ఒకటి లెండి. సైజు ఇదే."

"ఏదో ఒకటంటే కుదరదమ్మా. ఒరిజినల్ రబ్బరు తీసుకెళ్లి డూప్లికేట్ కుక్కరుకి తగిలించారనుకోండి. రేపు ఆవిరి కారితే చెడ్డపేరు ఎవరికి? మా రబ్బరుకి."

"రబ్బరుకి చెడ్డపేరేంటండీ!"

"కుక్కరు తెచ్చి చూపించండి, అప్పుడిస్తాను."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, వీధి దాటి ఎదురు కొట్లోకి వెళ్లిపోయేది. ఒక మర్యాదగల రబ్బరును అల్లరిపాలు కాకుండా కాపాడానన్న తృప్తితో ఒరిజినల్ గారు మళ్లీ కుర్చీలో కూర్చునేవాడు. ఇలా కాపాడుకుంటూ పోతే కొట్టు ఎలా నడిచిందని అడుగుతారేమో. పరీక్ష పాసైనవాళ్లు కూడా ఉండేవారు. వాళ్లకు జరిగే మర్యాద చూస్తే ఫెయిలైనవాళ్లకు కుళ్లు పుట్టేది. కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. సీలు తెంపి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా కుక్కర్ని పైకి తీసేవాడు.

"బోర్లించి చూడండి" అనేవాడు. "అడుగున నంబరుందా? మొదటి రెండంకెలు ఏ ఏడు తయారైందో చెప్తాయి. నంబరు ఉంటేనే కుక్కరు. లేకపోతే ఉత్త గిన్నె."

రోజుకు ఎన్నిసార్లు అనేవాడో గానీ, ఆ మాట నాలుక మీద గూడు కట్టుకుని ఉండిపోయింది. బంధువుల ఇంటికి వెళ్లినా కాళ్లు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నెలు బోర్లించేవాడు. ఆయన వస్తున్నాడని తెలిస్తే వాళ్ల వదిన కుక్కర్ని మంచం కిందికి తోసేసి, కూరలన్నీ మూకుడులో వండేది.

విజిల్ సంగతైతే మరీను. వీధిలో నడుస్తుంటే ఏ ఇంట్లోంచైనా విజిల్ వినబడగానే ఆగిపోయి, చెవి అటు పెట్టి, "మనదే" అనో, "పాపం, మోసపోయారు" అనో తీర్పు చెప్పేవాడు. కాపురం కొట్టు పైనే. పొద్దున పూట పైనుంచి ఆయన ఇంటి కుక్కరు కూత వేసేసరికి, ఎంత పెద్ద బేరం నడుస్తున్నా సరే, వేలు పైకెత్తి కస్టమర్ని ఆపేవాడు.

"విన్నారా? మా పెళ్లినాటి కుక్కరండీ. ఆ కూతలో నిండుతనం చూశారా? డూప్లికేట్ దానికి ఆ గొంతు రమ్మన్నా రాదు."

ఆయన మొహం చూసి కాదనలేక కస్టమర్లు తలూపేవారు.

ఎదురు కొట్టాయన సంగతి కూడా చెప్పుకోవాలి. బక్కపల్చని మనిషి, ఎప్పుడూ నవ్వు మొహం. ఒకప్పుడు కంపెనీ పేరు అచ్చు వేసిన దొంగ సరుకు అమ్మేవాడు. అసలుదానితో పోలిస్తే సగం ధర. ఒరిజినల్ గారికి అది కంట్లో నలుసు. తన బేరాలు పోతున్నాయన్న బాధ కాదది, నిజంగానే కాదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు తన ఇంటిపేరు పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నట్టు ఉండేది ఆయనకు. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పంపించాడు. చివరికి ఒకరోజు కంపెనీ మనుషులు వచ్చి ఎదురు కొట్టు మీద పడ్డారు. పెట్టెలన్నీ వీధిలోకి లాగారు. జనం మూగారు. ఒరిజినల్ గారు ఆ సరుకు మధ్యలో నిలబడి గొంతు చించుకున్నాడు.

"ఆడవాళ్లు నమ్మి పొయ్యి మీద పెట్టుకునే వస్తువయ్యా ఇది! ఇందులో మోసమా? నీ సరుకు ఒక్క మర్యాదస్తుల ఇంట్లోనైనా ఉంటుందా?"

సరిగ్గా అప్పుడే మేడ మీద ఆయన ఇంటి కుక్కరు కూసింది. "విను! అదీ ఒరిజినల్ అంటే!" అని వేలెత్తి చూపించాడు. ఎదురు కొట్టాయన ఆ వంటింటి కిటికీ వైపు చూశాడు. నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. తల దించుకుని చెదిరిన మూతలు ఏరుకోసాగాడు. ఇంకోసారి పట్టుబడితే కొట్టుకి తాళమే అని హెచ్చరించి కంపెనీ వాళ్లు వెళ్లిపోయారు. అప్పట్నుంచి ఎదురు కొట్టాయన పేరూ ఊరూ లేని సాదా కుక్కర్లు పెట్టుకుని గుట్టుగా అమ్ముకుంటున్నాడు.

ఇదిలా ఉండగా ఒకనాడు కంపెనీ ఆఫీసరు ఫోన్ చేశాడు. పెద్దాయనే గానీ మంచివాడు. విషయం మాత్రం మంచిది కాదు.

"ఇకమీదట మీ వీధికీ మెయిన్ రోడ్డుకీ కలిపి ఒక్క బోర్డే ఉంచుతారటండీ. రోడ్డు మీద అద్దాల షోరూం వాళ్లు గట్టిగా అడుగుతున్నారు. పైవాళ్లు అటే మొగ్గుతున్నారు."

బోర్డు లేని కొట్టును ఒరిజినల్ గారు ఊహించుకోలేకపోయాడు. ఊహించుకుంటే దాని కింద తను కనబడలేదు.

"సార్, ఇన్నేళ్లుగా కంటికి రెప్పలా..."

"తెలుసండీ. అందుకే ఫోన్ చేశాను. మీ పెళ్లినాటి కుక్కరు ఇంకా వాడుతున్నారని చెప్తుంటారు కదా? ఎల్లుండి మీ ఇంటికొస్తాను. ఆ కుక్కరు, మీరూ, అమ్మగారూ, ఒక ఫోటో. ఇలాంటి డీలరుని తీసేస్తామా అని నేను పైన వాదిస్తాను. ఆ ఫోటో చూశాక మీ బోర్డు జోలికి ఎవరూ రారు."

ఫోన్ పెట్టేసి ఒరిజినల్ గారు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. వంటింట్లో కుక్కరు ఖాళీగా ఉంది. పట్టుకెళ్లి పంపు కింద పెట్టి, పీచుతో, పౌడరుతో తోమడం మొదలుపెట్టాడు. పిడి మీద కంపెనీ పేరు తళతళలాడింది. సంతోషంగా బోర్లించాడు. అడుగంతా నల్లగా మసి పట్టి ఉంది. నంబరు ఆ మసి కింద ఉంటుందని తోమాడు. ఇంకాస్త తోమాడు. మసి పోయి తెల్లటి లోహం బయటపడింది. అది అద్దంలా నున్నగా ఉంది. నంబరు లేదు.

"ఏమోయ్!" అని ఒక్క కేక పెట్టాడు.

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బోర్లా పడున్న కుక్కర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఒరిజినల్ గారి అమ్మ అక్కడే పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"దీని నంబరేది?"

"ఏ నంబరండీ?"

"అడుగున ఉండాల్సిన నంబరు."

"ఇన్నేళ్లు వాడాం కదా, అరిగిపోయిందేమో."

"అరగడానికి అదేమన్నా సబ్బా? లోహంలోకి గుద్దిన నంబరు! పిడి చూస్తే మనదే. కింద చూస్తే దొంగది. ఏం జరిగింది ఈ ఇంట్లో?"

బఠాణీ కాయ ఒకటి టప్పున చిట్లింది.

"చెప్పెయ్యవే తల్లీ, ఎన్నాళ్లని దాస్తాం?" అంది వాళ్లమ్మ తల ఎత్తకుండానే.

"అమ్మా! నీకు కూడా తెలుసా?"

"తెలియకపోవడమేంట్రా? పిడి నేను పట్టుకుంటేనే కదా అది స్క్రూ బిగించింది!"

ఒరిజినల్ గారు పంపు పక్కన తడి నేల మీదే కూర్చుండిపోయాడు. దొంగ సరుకు తయారీదారుల కోసం ఆయన వీధులన్నీ గాలించాడు. తీరా చూస్తే వాళ్ల కర్మాగారం తన వంటింట్లోనే ఉంది. అందులో పనిచేసేది భార్యా, కన్నతల్లీ.

భార్య కొంగు దోపుకుని ఎదురుగా నిలబడింది. బయటపడే వరకే ఆవిడకు భయం. బయటపడ్డాక ఇంకెందుకు?

"పెళ్లినాటి కుక్కరు అంచు దగ్గర చీలింది. మీకు చెప్పాను. 'కొత్త లోడు రానీ' అన్నారు. లోడొచ్చింది. 'ఇవి ఆర్డరు మీద వచ్చినవి' అన్నారు. ఇంకో లోడొచ్చింది. 'సీలు తెంపితే మళ్లీ అమ్ముడుపోదు' అన్నారు. నాకు కావాల్సింది వండుకోవడానికండీ, అమ్ముకోవడానికి కాదు."

"అయితే మాత్రం..."

"ఆగండి, అవలేదు. ఒకరోజు నేనే కొట్లోకి దిగొచ్చాను, మీ చేత్తోనే ఇప్పించుకుందామని. లోపల కస్టమర్లున్నారు. వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి బోర్లించి చూపిస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వాళ్లు పోయారు, ఇంకొకళ్లొచ్చారు. వాళ్లకీ కుర్చీ వేశారు. అప్పుడు నన్ను చూసి ఏమన్నారో గుర్తుందా?"

ఆయనకు గుర్తులేదు. గుర్తులేదని తెలిసేసరికి ఇంకా సిగ్గేసింది.

"'కాస్త పక్కకి జరుగు, కస్టమర్లకి అడ్డం' అన్నారు. జరిగాను. జరిగి జరిగి ఎదురు కొట్లో తేలాను."

"ఎదురు కొట్లోనా!"

"ఆ అన్నయ్యగారు స్టూలు వేశారు, మంచినీళ్లిచ్చారు. 'చెల్లెమ్మా, నీకు అబద్ధం చెప్పను, ఇది కంపెనీది కాదు. పేరొక్కటే వాళ్లది. మందం మాత్రం నాది పూచీ' అన్నారు. 'మా ఆయనకి తెలియకూడదు' అన్నాను. 'నా నోట రాదు' అన్నారు. ఇంటికొచ్చి పాతదాని పిడులు ఊడదీసి దీనికి బిగించాం. మీరు విజిల్ విని కనిపెట్టేస్తారేమోనని వారం రోజులు నాకు అన్నం సయించలేదు. మీరేమో దాన్నే కస్టమర్లకి వినిపించడం మొదలుపెట్టారు."

"నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని" అంది వాళ్లమ్మ.

ఒరిజినల్ గారికి అది నవ్వులాటలా అనిపించలేదు. వీధిలో చెల్లాచెదురైన పెట్టెలు, వాటి మధ్య తను, మేడ మీంచి కూత. ఎదురు కొట్టాయన కిటికీ వైపు చూసి నోరు మూసుకోవడం. ఇప్పుడు తెలిసింది, ఎందుకు మూసుకున్నాడో. ఒక్క మాట అంటే చాలు, ఆ రోజు వీధి వీధంతా తనను చూసి నవ్వేది. అంత అవమానంలోనూ ఆ మనిషి ఆ మాట అనలేదు.

కానీ మంచితనం గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? ఎల్లుండి ఆఫీసరు వస్తాడు. పెళ్లినాటి కుక్కరు కావాలి. చీలిన అసలుదాన్ని ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేశారు. ఒరిజినల్ గారు ఆలోచించి ఆలోచించి, కొట్లోకి దిగి, నిన్నగాక మొన్న వచ్చిన లోడులోంచి ఒక పెట్టె తెచ్చాడు. పాత మోడలు లాంటిదే చూసి మరీ తెచ్చాడు. సీలు తెంపాడు. మెరిసే కుక్కర్ని వంటింటి గట్టు మీద పెట్టి, చేతిలోకి గరిటె తీసుకున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"దీన్ని పాతది చేస్తున్నాను."

మొదటి దెబ్బ వేయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. కళ్లు మూసుకుని వేశాడు. చిన్న సొట్ట పడింది. ఆయన నోట్లోంచి 'అయ్యో' అని వచ్చింది. తర్వాత ఇసుకతో రుద్దాడు. గ్యాసు మంట మీద ఖాళీగా పెట్టి మాడ్చాడు. మూత మీద నూనె పూసి పొగ పట్టించాడు. పిడిని గోడకేసి గీశాడు. ఒక్కో దెబ్బకీ తన వీపు మీద పడ్డట్టు ముడుచుకుపోయాడు. చేస్తున్నది మాత్రం ఎంతో శ్రద్ధగా చేశాడు. ఆయనకు ఏ పనీ అశ్రద్ధగా చేయడం చేతకాదు.

వాళ్లమ్మ చాలాసేపు చూసి అడిగింది. "ఒరేయ్, పాతది కానిదాన్ని పాతదని చూపిస్తే దాన్నేమంటార్రా?"

"అది... అది వేరమ్మా."

"ఏం వేరు?"

"ఇది కంపెనీదే కదా!"

"ఓహో" అని ఆవిడ బఠాణీల గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

అంతా అయ్యాక కుక్కరు నిజంగానే ఒక కాపురం చూసిన దానిలా తయారైంది. ఆఖర్న దాన్ని బోర్లించి, అడుగున అక్కడక్కడా మసి పూశాడు. నంబరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కంపెనీ నంబరు మీద మసి పూయడమంటే ఆయన వల్ల కాలేదు. పొరపాటున అంటిన మసిని కూడా తడి గుడ్డతో తుడిచాడు. ఆ నల్లటి అడుగులో నంబరొక్కటే చక్కగా మెరిసింది.

అనుకున్న రోజుకి ఆఫీసరు వచ్చాడు, కెమెరా భుజానికి తగిలించుకుని. ముందు గదిలో బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద కుక్కర్ని పెట్టారు. ఒరిజినల్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భార్య పక్కన నిలబడింది. ఆవిడ మొహంలో సంతోషమూ లేదు, కోపమూ లేదు, పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్న మనిషిలా ఉంది.

"అబ్బ, ఎంత వాడారండీ!" అన్నాడు ఆఫీసరు కుక్కర్ని చేతుల్లోకి తీసుకుని. ఆయన గొంతులో నిజమైన ఆప్యాయత ఉంది.

ఒరిజినల్ గారు పొంగిపోయాడు. పొంగిపోతే ఆయన నోరు ఆయన మాట వినదు. కొన్ని వేలసార్లు తిరిగిన దారిలోనే నాలుక తిరిగింది.

"బోర్లించి చూడండి సార్" అన్నాడు. "అడుగున నంబరుంటుంది. మొదటి రెండంకెలు..."

అక్కడితో ఆగిపోయాడు. అప్పటికే ఆఫీసరు బోర్లించేశాడు.

ఆఫీసరు కళ్లజోడు సర్దుకుని నంబరు చదివాడు. ఒరిజినల్ గారి జుట్టు వంక చూశాడు, సగం నెరిసింది. మళ్లీ నంబరు చదివాడు.

"ఇది ఈ ఏడుదండీ. మీ పెళ్లి..." అని, భార్య వైపు చూసి, మాట మార్చడానికి ఏదో వెతుక్కున్నాడు.

"అంటే సార్, పిడి మార్చినప్పుడు... అడుగు కూడా... కంపెనీ వాళ్లే..." ఒరిజినల్ గారికి అబద్ధం అలవాటు లేదు. అలవాటు లేని మనిషి అబద్ధం ఆడితే వినేవాళ్లకే చెమటలు పడతాయి.

సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి కుక్కరు కూసింది.

పొడుగ్గా, నిండుగా, ఎప్పటిలాగే కూసింది. ఆఫీసరు తన చేతిలోని కుక్కర్ని చూశాడు, వంటింటి వైపు చూశాడు.

"కుక్కరు ఇక్కడుంటే అక్కడ కూస్తున్నదేంటండీ?"

"అన్నం" అంది వాళ్లమ్మ వంటింట్లోంచి. "ఇంటికొచ్చిన మనిషికి భోజనం పెట్టొద్దూ? ఇదొక్కటేగా వండేది, అదేమో ఫోటోకాయె."

ఆఫీసరు వంటింట్లోకి నడిచాడు. వెనకే అందరూ. మంట ఆపి, ఆవిరి పోయాక, అన్నం వేరే గిన్నెలోకి తీశారు. ఆఫీసరు గుడ్డతో పట్టుకుని దాన్ని బోర్లించాడు. ఇక చెప్పేదేముంది? ఆయన మొహంలో ఆప్యాయత పోయి ఆఫీసరు వచ్చాడు.

"ఎక్కడ కొన్నారమ్మా ఇది?"

ఆవిడ నేల చూస్తూ నిలబడింది.

ఆఫీసరు ఒరిజినల్ గారి వైపు తిరిగాడు. "చూడండి, మీ మీద గౌరవంతో చెప్తున్నాను. ఈ పాతది చేసిన కుక్కరు సంగతి నేను చూడలేదనుకుంటాను. మీరే మీ ఇంట్లో దొరికిన దొంగ సరుకుని పట్టిచ్చారని రాస్తాను. అది ఫోటోకంటే పెద్ద విషయం. బోర్డు నిలబడుతుంది. ఆ కొట్టు ఏదో చెప్పండి చాలు. మీకు ఇది కొత్త కాదు కదా."

కొత్త కాదు. అసలు ఆయన చేయగలిగిన పనుల్లో బాగా చేతనైనది అదే. పేరు నాలుక చివరనే ఉంది. కిటికీలోంచి చూస్తే ఆ కొట్టే కనిపిస్తోంది. అక్కడ ఎదురు కొట్టాయన స్టూలు తుడిచి ఎవరికో వేస్తున్నాడు.

ఒరిజినల్ గారు భార్య వైపు చూశాడు. ఆవిడ తల ఎత్తి ఆయన్నే చూస్తోంది. బతిమాలడం లేదు. ఏం చేస్తాడో చూద్దామని చూస్తోంది, అంతే.

"కొట్టు పేరు గుర్తులేదు సార్" అన్నాడు.

"అమ్మగారికి గుర్తుంటుందేమో."

"ఆవిడ్ని అడక్కండి. తప్పు ఆవిడది కాదు. మా ఆవిడ ఒక కుక్కరు కొనుక్కుందామని నా కొట్టుకే వచ్చింది సార్. కొనుక్కోలేకపోయింది. అది రాసుకోండి."

ఆఫీసరు బయటికి తీసిన పెన్నును మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "నేనింక చేయగలిగింది లేదండీ" అన్నాడు బాధగానే. వాళ్లమ్మ ఆయన్ని వదలకుండా కూర్చోబెట్టి వడ్డించింది. తింటూ తింటూ, ఎవరినీ చూడకుండా, "అన్నం మాత్రం బాగా ఉడికిందమ్మా" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున భార్య మెట్లు దిగి కొట్లోకి వచ్చింది. బయటకు వెళ్లేటప్పుడు కట్టుకునే చీర కట్టుకుంది. ఒరిజినల్ గారు ఒక్క క్షణం తడబడి, గబగబా కుర్చీ దులిపి వేశాడు. ఆవిడ కూర్చుంది. పై అరల్లోంచి పెట్టెలు దింపించింది. ఒక్కోటీ సీలు తెంపించింది. ఇది లోతు చాలదంది, దీని పిడి లావంది, ఇంకోటి చూపించమంది. ఈలోగా వచ్చిన కస్టమర్లను ఆయన "కాస్త ఆగండమ్మా, బేరంలో ఉన్నాను" అని బయటే నిలబెట్టాడు. చివరికి ఆవిడ ముందు చూసినదే ఎంచుకుని, "ఇది కూరలకి. అన్నానికి ఎదురు కొట్టుదే" అంది. ఆయన పెట్టె మోసుకుంటూ వెనకే మెట్లెక్కాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే నవ్వుతోందని ఆయనకు భుజాలు చూస్తే తెలిసింది.

బోర్డు తీసుకుపోవడానికి కంపెనీ మనుషులు వచ్చారు. ఒరిజినల్ గారు వాళ్లకు అడ్డు చెప్పలేదు, స్క్రూడ్రైవరు కూడా తనే ఇచ్చాడు. బోర్డు బండెక్కి వెళ్తుంటే మలుపు తిరిగేదాకా చూశాడు. ఏడుపు రాలేదని చెప్పుకున్నాడు గానీ, వచ్చింది. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. కుక్కర్లు ఇప్పుడూ అమ్ముకోవచ్చు, రబ్బర్లూ అమ్ముకోవచ్చు, అద్దాల షోరూంలో కొని తెచ్చుకుని అందరు చిల్లర వ్యాపారుల్లాగే. కానీ గుమ్మం పైన గోడ అంత ఖాళీగా ఉంటుందని ఆయనకు తెలియదు. దాని కింద నిలబడలేక వీధి దాటాడు.

ఆయన తన కొట్టు మెట్టెక్కడం చూసి ఎదురు కొట్టాయన గాభరాగా లేచాడు. "అన్నీ పేరులేనివేనండీ! కంపెనీవి ఒక్కటీ లేవు. కావాలంటే మొత్తం చూసుకోండి!"

"చూడ్డానికి రాలేదయ్యా."

ఎదురు కొట్టాయనకు ఏం చేయాలో తోచలేదు. అలవాటు కొద్దీ స్టూలు వేసి మంచినీళ్లిచ్చాడు. ఒరిజినల్ గారు కూర్చున్నాడు, కానీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లలేదు.

"ఆ రోజు చెప్పేయొచ్చు కదా నువ్వు. వీధంతా ఉంది."

"చెప్పొచ్చు."

"మరి?"

"చెల్లెమ్మకి మాటిచ్చాను కదండీ" అని ఎదురు కొట్టాయన తుడిచిన మూతనే మళ్లీ తుడిచాడు. "మీరూ నా కొట్టు పేరు చెప్పలేదటగా, చెల్లెమ్మ చెప్పింది."

"గుర్తు రాలేదు."

"అవున్లెండి. ఎదురుగానే ఉంటుంది, గుర్తుండదు."

కొట్లో ఒకమూల ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలు తిరగేస్తున్నారు. వాళ్లలో ఒకావిడ మూత రబ్బరు పరీక్షలో ఫెయిలైనావిడే. ఒరిజినల్ గారిని ఆ కొట్లో చూసి ఆవిడ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఆ కుక్కరు..." అన్నాడు ఒరిజినల్ గారు.

"ఏమైంది? తేడా వచ్చిందా?"

"లేదు. బాగుంది." ఆ మాట గొంతు దాటడానికి ఆయన ఎంత పెనుగులాడాడో చూస్తే జాలేస్తుంది. "బాగా పనిచేస్తోంది."

ఎదురు కొట్టాయన మూత కింద పెట్టాడు. "ఆ మాట కాస్త గట్టిగా అంటారా? కొట్లో బేరాలున్నాయి."

ఒరిజినల్ గారు ఆయన వంక చురచురా చూశాడు. తర్వాత గ్లాసులో నీళ్లన్నీ గటగటా తాగేశాడు. లేచి నిలబడి, ఆ ఆడవాళ్ల వైపు తిరిగి, వీధి అవతల మేడ మీద కిటికీలో ఉన్న మనిషికి కూడా వినబడేలా అన్నాడు.

"మా ఆవిడ ఈయన దగ్గరే కొన్నదమ్మా. ఇన్నేళ్లుగా మా ఇంట్లో అన్నం దాంట్లోనే ఉడుకుతోంది."